అంతర్జాతీయ సైన్స్ ఫెయిర్‌కి వెళ్తున్నారా? ప్రాజెక్టుతో పాటు మన ఊరినీ వెంట తీసుకెళ్లడం ఎలా

అమెరికాలో జరిగే ఐసెఫ్ అనే అంతర్జాతీయ సైన్స్ ఫెయిర్‌కి ఎంపికయ్యారని తెలిసిన రోజు నుంచి ఇంట్లో, బడిలో అందరి ధ్యాసా ప్రాజెక్టు మీదే ఉంటుంది. బోర్డు ఎలా ఉండాలి, గ్రాఫులు సరిగ్గా వచ్చాయా, జడ్జి ఫలానా ప్రశ్న అడిగితే ఏం చెప్పాలి, ఇదే గోల. అది సహజమే, అవసరమే కూడా. కానీ ఫెయిర్ జరిగేది దాదాపు వారం రోజులు, జడ్జీల ఇంటర్వ్యూలు ముఖ్యంగా ఒక్క రోజు వ్యవహారం. మిగతా సమయమంతా మీరు గడిపేది 60కి పైగా దేశాల నుంచి వచ్చిన సుమారు 1,600 మంది మీ ఈడు పిల్లలతో. దానికి మాత్రం ఎవరూ తయారు చేయరు. పిల్లలు ఎయిర్‌పోర్టులో నాలుగు కీచైన్లు కొనుక్కుని వెళ్లిపోతారు, తిరిగొచ్చాక "అందరూ బాగా మాట్లాడారు సార్, నాకే ఏం చెప్పాలో తెలియలేదు" అంటారు.

నేను అనకాపల్లి వైపు ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. నేను గైడ్ చేసిన ఒక అమ్మాయి ఈ ఫెయిర్‌కి వెళ్లొచ్చింది. వెళ్లేముందు మేం చేసిన తయారీ, అక్కడి నుంచి ఆమె రోజూ వాట్సాప్‌లో పెట్టిన వాయిస్ మెసేజ్‌లు, వచ్చాక కూర్చుని మాట్లాడుకున్నవి అన్నీ కలిపి ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు ఈ ఫెయిర్ సంగతి కాస్త

ఐసెఫ్ అంటే ఇంటర్నేషనల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ ఫెయిర్. నడిపేది అమెరికాలోని సొసైటీ ఫర్ సైన్స్. 1950లో ఫిలడెల్ఫియాలో 30 మంది పిల్లలతో మొదలైంది. చాలా ఏళ్లు ఇంటెల్ పేరుతో జరిగింది, 2020 నుంచి రీజెనెరాన్ అనే మందుల కంపెనీ పేరుతో జరుగుతోంది. 9 నుంచి 12 తరగతుల పిల్లలకు మాత్రమే. ఏటా మే నెలలో, ఏడాదికో ఊళ్లో ఉంటుంది: 2023లో డాలస్, 2024లో లాస్ ఏంజిలిస్, 2025లో కొలంబస్. మన దేశం నుంచి వెళ్లాలంటే కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ భాగస్వామ్యంతో నడిచే ఐరిస్ నేషనల్ ఫెయిర్ ప్రధానమైన దారి.

బడి పిల్లలకి కేంద్రం నడిపే ఇన్‌స్పైర్ మనక్ పోటీల ద్వారా పైకొచ్చి సకురా కార్యక్రమంలో జపాన్ వెళ్లే పిల్లలు మన రెండు రాష్ట్రాల జిల్లా పరిషత్ బడుల్లో కూడా ఉన్నారు. వీసా, కస్టమ్స్ సంగతులు తప్ప మిగతాదంతా వాళ్లకూ పనికొస్తుంది.

మూడు నెలల ముందు: ఒక్కటే వస్తువు ఎంచుకోండి

ఇదే అన్నిటికంటే ముఖ్యమైన అడుగు, అందుకే ఎక్కువ రాస్తున్నాను. మన సంస్కృతి అనగానే అందరూ చేసే పని పెద్ద జాబితా రాసుకోవడం. కూచిపూడి, చార్మినార్, తిరుపతి, బతుకమ్మ, సంక్రాంతి, ఆవకాయ. వీటిలో దేని గురించైనా ఒక విదేశీ పిల్లాడు వరసగా మూడు ప్రశ్నలు అడిగితే మనలో చాలామందికి రెండో ప్రశ్న దగ్గరే మాట ఆగిపోతుంది. అందుకని ఒకటే తీసుకోండి. చేత్తో పట్టుకోగలిగింది, చేసి చూపించగలిగింది, ఎలా తయారవుతుందో మీరు కళ్లారా చూసింది అయ్యుండాలి.

మేం ఎంచుకున్నది ఏటికొప్పాక బొంగరం. మాకు దగ్గర ఊరు, వరాహ నది ఒడ్డున ఉంటుంది. ఒక ఆదివారం ఆ అమ్మాయిని, వాళ్ల నాన్నగారిని తీసుకుని వెళ్లాం. అంకుడు కర్రని తరిణెకి బిగించి తిప్పుతుంటే ఆ కళాకారుడు ఉలితో గీసి రెండు నిమిషాల్లో బొంగరం ఆకారం తెచ్చేశాడు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకి ఆనించి పట్టుకున్నాడు. బ్రష్షు లేదు, పొయ్యి లేదు, రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. పసుపు రంగు పసుపు కొమ్ముల నుంచి, ఎరుపు నారింజ కలిసిన రంగు జాఫ్రా గింజల నుంచి, నీలం నీలిమందు నుంచి. చివర్లో మొగలి ఆకుతో గట్టిగా రుద్దగానే ఒక్కసారిగా అద్దంలా మెరిసింది. ఆ అమ్మాయి "సార్, ఇది మన ఎనిమిదో తరగతి ఘర్షణ పాఠం కదా" అంది. అక్కడే నాకు అర్థమైంది, ఈ వస్తువు సరిపోతుందని. సైన్స్ ఫెయిర్‌కి వచ్చే పిల్లలందరికీ కామన్‌గా తెలిసిన భాష సైన్సే, కాబట్టి మీ వస్తువులో ఎక్కడో ఒకచోట అది తగలాలి.

మీరు ఏటికొప్పాక దగ్గర లేకపోతే బాధపడాల్సిన పనేం లేదు. పోచంపల్లి వైపు వాళ్లయితే ఇకత్ ఉంది: బట్ట నేశాక అద్దడం కాదు, నేయకముందే నూలుకి ముడులు వేసి రంగులో ముంచుతారు, కాబట్టి ఏ పోగులో ఎక్కడ ఏ రంగు రావాలో లెక్క ముందే తేలాలి. కోడింగ్ చేసే పిల్లలకి ఇది చెప్తే ఇట్టే పట్టేస్తారు. కొండపల్లి, చేర్యాల, పెంబర్తి, బీదరీ పనితనం తెలిసిన హైదరాబాద్ వాళ్లు, ఎవరిది వాళ్లకి ఉంటుంది. మీ ఇంట్లో వాళ్లు చేసే పని అయితే మరీ మంచిది. అమ్మ అల్లే చేప వల అయినా సరే.

ఆ తర్వాత దాని గురించి నిమిషంన్నరలో ఇంగ్లీషులో చెప్పడం సాధన చేయండి. బట్టీ పట్టొద్దు. ఎవరు చేస్తారు, ఎలా చేస్తారు, మీరు ఎక్కడ చూశారు, ఈ మూడూ వస్తే చాలు. చివర్లో ఒక ప్రశ్న తప్పకుండా ఉండాలి: "మీ దగ్గర దీన్ని ఏమంటారు?" దీని మీద మళ్లీ వస్తాను.

పిన్‌లు, బ్యాడ్జీలు

ఐసెఫ్‌లో పిన్ ఎక్స్‌చేంజ్ అని ఫెయిర్ మొదట్లోనే ఒక సాయంత్రం ఉంటుంది. ప్రతి దేశం, అమెరికాలో ప్రతి ప్రాంతం ఫెయిర్ తమ తమ పిన్‌లు చేయించుకుని వస్తాయి. పిల్లలు హాలంతా తిరుగుతూ ఒకరి పిన్ ఒకరికి ఇచ్చుకుని మెళ్లో వేసుకున్న బ్యాడ్జి తాడుకి గుచ్చుకుంటారు. రాత్రి అయ్యేసరికి ఆ తాడు బరువుకి మెడ నొప్పి పుడుతుందట.

జట్టు తరఫున పిన్‌లు ఇస్తారేమో ముందే కనుక్కోండి. ఇచ్చినా సొంతంగా ఒక 70, 80 ఉంటే మంచిది. రేకు పిన్‌లు చేయించడం ఖర్చు అనుకుంటే, ఎన్నికల బ్యాడ్జీలు చేసే షాపుల్లో బటన్ బ్యాడ్జి మెషిన్ ఉంటుంది. కాగితం బదులు పల్చటి ఇకత్ గుడ్డ ముక్క కానీ, కలంకారీ ముక్క కానీ వేసి చేయమనండి. మామూలుకంటే కాస్త మందం కాబట్టి ముందు నాలుగు చేయించి చూసుకోవాలి. ఏ రెండూ ఒకేలా రావు, ఇచ్చేటప్పుడు "నీకు నచ్చింది తీసుకో" అనొచ్చు. ఆ ఒక్క మాటతోనే సంభాషణ మొదలైపోతుంది.

పాస్‌పోర్టు, వీసా, సూట్‌కేసు

పాస్‌పోర్టు లేకపోతే ఐరిస్‌కి పేరు ఇచ్చిన రోజే అప్లై చేయండి, ఎంపికయ్యాక చూద్దాం అనుకుంటే టెన్షన్ తప్పదు. వీసాకి డీఎస్-160 ఫారం నింపాలి. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ 2023 నుంచి నానక్‌రామ్‌గూడలో ఉంది, పాత బేగంపేట అడ్రస్ పట్టుకుని వెళ్లకండి. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి రెండు వాక్యాల్లో చెప్పగలిగితే చాలు.

సూట్‌కేసు దగ్గరే అమ్మలతో పేచీ వస్తుంది. అమెరికాలో దిగగానే తిండి పదార్థం ఏది ఉన్నా ఉందని చెప్పి తీరాలి, దాచితే జరిమానా వేస్తారు. మాంసం కలిసిన పచ్చడి, పచ్చి పండ్లు, విత్తనాలు వద్దు. పచ్చి కరివేపాకు అసలే వద్దు, నిమ్మజాతి చెట్లకి తెగులు మోసుకొచ్చే పురుగు దాని మీద ఉంటుందని అక్కడ నిషేధం. ఈ సంగతి అమ్మకి కారణంతో సహా చెప్తే ఊరుకుంటుంది. తోలుబొమ్మల జోలికీ పోవద్దు, అవి జంతు చర్మం కాబట్టి తనిఖీలో ప్రశ్నలు వస్తాయి. చెక్క బొమ్మల గురించి అడిగితే ఉన్నాయని తీసి చూపించండి. మేకు ఉన్న, తాడుతో తిప్పే బొంగరం వద్దు, సెక్యూరిటీ దగ్గరా ఇబ్బందే, హోటల్ నేల మీదా గీతలు పడతాయి. వేళ్లతో తిప్పే చిన్న లక్క బొంగరాలు తీసుకెళ్లండి, ఇరవై కలిపినా పెద్ద బరువుండదు.

ఇంకొకటి, ఇది కచ్చితంగా చదవండి. మనం గ్రీటింగ్ కార్డు మీద, ముగ్గులో, సంచి మీద శుభం కోసం స్వస్తిక గుర్తు వేసుకుంటాం. అమెరికా, యూరప్, ఇజ్రాయెల్ పిల్లలకి ఆ గుర్తు చూడగానే గుర్తొచ్చేది నాజీలు. మా అమ్మాయి తీసుకెళ్లిన కార్డుల్లో మూలన చిన్న స్వస్తిక ఉంది, ఆమె గానీ నేను గానీ పట్టించుకోలేదు. ఒకమ్మాయి కార్డు అందుకుని, చూసి, ఏమీ అనకుండా బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయింది. మర్నాడు మా అమ్మాయే వెతుక్కుంటూ వెళ్లి మా దగ్గర దాని అర్థం ఇదీ అని చెప్పి, నీకు బాధ కలిగినందుకు సారీ అంది. ఇద్దరూ స్నేహితులయ్యారు, నిజమే. కానీ తప్పు నాది, సర్దేటప్పుడు నేను చూడాల్సింది. మీ సామాన్లు ఒక్కసారి తిరగేసి చూసుకోండి.

పిన్ ఎక్స్‌చేంజ్ సాయంత్రం

హాల్లోకి అడుగు పెట్టగానే బెరుకు పుడుతుంది. సంగీతం మోత, వందల మంది, అందరూ ఒకరికొకరు ముందే తెలిసినట్టు కనిపిస్తారు. నిజానికి ఎవరికీ ఎవరూ తెలియదు. మన జట్టు పిల్లలంతా గుంపుగా తిరగొద్దు, ఇద్దరిద్దరుగా విడిపోండి. గుంపుని చూస్తే ఎదుటివాళ్లు దగ్గరికి రారు.

మా అమ్మాయి మొదటి అరగంట గోడకి ఆనుకుని నిలబడిందట. తర్వాత ఏం తోచక నేల మీద కూర్చుని సంచిలోంచి బొంగరం తీసి తిప్పింది. పసుపు మీద ఎర్ర చారల బొంగరం, తిరుగుతుంటే రెండు రంగులూ కలిసి నారింజ రంగు చక్రంలా కనిపిస్తుంది. పక్కన నడుస్తున్న ఒక అబ్బాయి ఆగాడు, కూర్చున్నాడు, చెయ్యి చాపాడు. రెండుసార్లు పడిపోయింది, మూడోసారి నిలబడింది. అతను బ్రెజిల్ నుంచి వచ్చాడు. వాళ్ల భాషలో బొంగరాన్ని పియావ్ అంటారని చెప్పాడు. కాసేపటికి మెక్సికో అమ్మాయి వచ్చి మాది ట్రోంపో అంది, జపాన్ అబ్బాయి కోమా అన్నాడు, మలేషియా పిల్లలు గాసింగ్ అన్నారు, వాళ్ల దగ్గర పెద్ద పళ్లెమంత గాసింగ్‌లు ఉంటాయనీ, ఎవరిది ఎక్కువసేపు తిరుగుతుందో పోటీలు పెడతారనీ చెప్పారు. మా అమ్మాయి చేతిలో ఉన్న కాగితం మీద దేశం పేరు, బొంగరం పేరు రాసుకుంటూ పోయింది. వేగం తగ్గేకొద్దీ తల ఎందుకు గుండ్రంగా ఊగుతుంది అన్న దాని మీద ఇద్దరు ఫిజిక్స్ పిల్లలు నేల మీదే వాదించుకున్నారు. ఆ వాయిస్ మెసేజ్ వింటుంటే వెనకాల ఆ నవ్వులన్నీ వినిపించాయి. నాకు కళ్లు చెమర్చాయి.

పేరున్న భౌతిక శాస్త్రవేత్తలు నీల్స్ బోర్, వోల్ఫ్‌గాంగ్ పౌలీ ఇద్దరూ వంగి నేల మీద తిరుగుతున్న ఒక బొంగరాన్ని చిన్న పిల్లల్లా చూస్తున్న ఫోటో ఒకటి ఉంది. దాన్ని చిన్నగా ప్రింటు తీసి ఆమె సంచిలో పెట్టాను. ఎక్కువ పనికొచ్చిన కాగితం అదే అంది.

కాబట్టి "మీ దగ్గర దీన్ని ఏమంటారు?" అన్న ప్రశ్న మర్చిపోవద్దు. మనది చూపించడం సగం పని, వాళ్లది వినడం మిగతా సగం. వాళ్లు చెప్పిన మాట వాళ్లలాగే పలకడానికి ప్రయత్నించండి, తప్పు పలికితే వాళ్లే సంతోషంగా దిద్దుతారు.

పేర్లు తెలుగులో రాసివ్వండి

దీనికి కావాల్సింది మందపాటి కార్డులు, రెండు మంచి పెన్నులు. పైసా ఖర్చు లేని బహుమతి, బొంగరం కంటే ఎక్కువ మంది అడిగింది ఇదే. ఎదుటివాళ్ల పేరు వాళ్ల నోటితో రెండు మూడుసార్లు చెప్పించుకోండి, స్పెల్లింగ్ చూసి రాయొద్దు. గుయెన్ అని స్పెల్లింగ్ ఉన్నట్టు కనిపించే వియత్నాం పేరు వింటే న్వియెన్‌కి దగ్గరగా ఉంటుంది. రాశాక ఏ అక్షరం ఏ శబ్దమో వేలితో చూపించండి, ఒత్తు కింద ఎందుకు వెళ్తుందో, గుడి పైన ఎందుకు వస్తుందో చెప్పండి.

ఇక్కడ ఒక సరదా ఉంది. మన మాటలు అచ్చుతో ముగియాలని చూస్తాయి కదా, బస్‌ని బస్సు చేశాం, పెన్‌ని పెన్ను చేశాం. జపాన్ వాళ్లు కూడా బస్‌ని బసు అంటారు. ఇది చెప్తే జపాన్ పిల్లలు ఎగిరి గంతేస్తారు.

తెలుగు అంటే ఏంటి, హిందీనా అని అడుగుతారు, చాలాసార్లు అడుగుతారు. విసుక్కోకండి. వాయేజర్ కథ చెప్పండి. 1977లో నాసా పంపిన రెండు వాయేజర్ నౌకల్లో బంగారు పూత రికార్డు ఉంది, అందులో 55 భాషల్లో పలకరింపులు ఉన్నాయి, వాటిలో తెలుగు ఒకటి. ఆ రెండు నౌకలూ ఇప్పుడు నక్షత్రాల మధ్య ప్రదేశంలో ఉన్నాయి. ఆ పలకరింపు ఆడియో నెట్‌లో దొరుకుతుంది, ఫోన్‌లో ముందే దింపుకుని పెట్టుకోండి, హాల్లో సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. బయాలజీ, కెమిస్ట్రీ పిల్లలు తగిలితే యల్లాప్రగడ సుబ్బారావు పేరు చెప్పండి. భీమవరంలో పుట్టి అమెరికాలో పనిచేసిన ఆయన పేరు ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కె సుబ్బారావ్ పద్ధతిలో ఉంది. వాళ్లు ఆ పేరు పుస్తకంలో చూసి ఉండొచ్చు, తెలుగాయన అని తెలిసి ఉండదు.

గదిలో, భోజనం దగ్గర

రాత్రి ఫోన్ చేసేటప్పుడు తేడా గుర్తుంచుకోండి. లాస్ ఏంజిలిస్, ఫీనిక్స్ లాంటి ఊళ్లలో మే నెలలో మనకంటే పన్నెండున్నర గంటలు వెనక ఉంటారు, అక్కడ రాత్రి 8 అంటే ఇక్కడ మర్నాడు ఉదయం 8:30. కొలంబస్ అయితే తొమ్మిదిన్నర గంటలు. ఇంటికి రోజుకి ఒక్కసారే, టైము పెట్టుకుని మాట్లాడండి. లేకపోతే సాయంత్రాలన్నీ ఫోన్‌లోనే గడిచిపోతాయి, అవతల పిల్లలంతా లాబీలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటారు.

తినడానికి ఏదైనా పంచేటప్పుడు ముందు అలర్జీ ఉందా అని అడగాలి. వేరుశెనగ, నువ్వులు కొందరికి ప్రాణం మీదికి తెస్తాయి, మన చిక్కీలో ఉండేవి అవే. మొహమాటపెట్టి తినిపించడం మనకి ప్రేమ, వాళ్లకి ఇబ్బంది. వద్దంటే వద్దనే అర్థం.

మనం తల అటూ ఇటూ ఊపితే అవునో కాదో వాళ్లకి అర్థం కాదు, నోటితో చెప్పండి. కొందరు ముస్లిం అమ్మాయిలు అబ్బాయిలతో, అబ్బాయిలు అమ్మాయిలతో చేయి కలపరు, అనుమానంగా ఉంటే నమస్కారం పెట్టండి, అది ఎవరికీ తప్పుగా తోచదు. జపాన్, కొరియా పిల్లలు రెండు చేతులతో ఇస్తారు, మీరూ రెండు చేతులతో అందుకోండి. మీ నాన్నగారి జీతం ఎంత, మీ మతం ఏంటి అని మొదటి పరిచయంలో అడగొద్దు. దేశాల గొడవలు, సరిహద్దులు కూడా మీరుగా ఎత్తొద్దు. ఫోటో తీసేముందు, మరీ ముఖ్యంగా ఇన్‌స్టాలో పెట్టేముందు, అడగాలి.

ఇంగ్లీషు రాదని కుంగిపోవద్దు. జడ్జింగ్‌కి దుబాసీల సాయం తీసుకునే పిల్లలు చాలామంది ఉంటారు. మీ తడబాటు వాళ్లకీ ఉంటుంది.

బూత్ దగ్గర జాగ్రత్త

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. మన వస్తువులన్నీ బూత్ బల్ల మీద పేర్చాలని ఉంటుంది. కుదరదు. ప్రాజెక్టుకి సంబంధం లేని జెండాలు, మెడల్స్, లోగోలు, పంచిపెట్టే కానుకలు, విజిటింగ్ కార్డులు బూత్‌లో పెట్టనివ్వరు. బోర్డు మీద ఫోన్ నంబరు, ఈమెయిల్, క్యూఆర్ కోడ్ కూడా ఉండకూడదు. మట్టి, నీళ్లు, మొక్కలు, తిండి ఏవీ ఉండకూడదు. బోర్డు కొలతలు కూడా పక్కాగా చూస్తారు: వెడల్పు 122 సెంటీమీటర్లు, లోతు 76 దాటకూడదు, నేల నుంచి ఎత్తు 274 దాటకూడదు. నియమాలు మారొచ్చు కాబట్టి మీ ఏడాది రూల్ పుస్తకం ఒకసారి చదవండి. జడ్జింగ్ రోజు బొంగరాలన్నీ గదిలోనే వదిలేయండి, ఆ రోజు ప్రాజెక్టు తప్ప ఇంకేదీ మనసులో పెట్టుకోవద్దు.

పబ్లిక్ డే వేరు. ఆ ఊరి బడుల పిల్లలు వందల్లో వస్తారు. ఐదో తరగతి పిల్లలకి అర్థమయ్యేలా మీ ప్రాజెక్టు ఒక్క నిమిషంలో చెప్పడం ముందే సాధన చేసుకోండి. అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు కూడా కనిపిస్తారు, మీ పేరు, ఊరు చూసి "మీరు తెలుగా?" అంటూ వస్తారు. మా అమ్మాయికి అలా ఒక అమ్మమ్మగారు దొరికారు, మనవరాలి ప్రాజెక్టు చూడ్డానికి వచ్చారట, మా అమ్మాయి తన ఊరు చోడవరం అనగానే చేతులు పట్టుకుని పది నిమిషాలు వదల్లేదు.

ఖాళీ దొరికినప్పుడు మీ బూత్ వదిలి మిగతా బూత్‌లు చూడండి. ప్రాజెక్టు గురించి ఒక ప్రశ్న, ఊరి గురించి ఒక ప్రశ్న. "ఈ సమస్య మీ ఊళ్లో ఎలా గమనించావు?" అని అడిగితే రెండూ ఒకేసారి వచ్చేస్తాయి.

తిరిగొచ్చాక

మొదటి వారంలోనే అందరికీ ఒక్కో మెసేజ్ పెట్టండి, నెల దాటితే ఎవరు ఎవరో కలగాపులగం అయిపోతుంది. అందుకే అక్కడ ఉండగానే రోజూ రాత్రి పేరు, దేశం, మాట్లాడుకున్న ఒక విషయం డైరీలో రాసుకోవాలి. తీసుకెళ్లిన వస్తువు చేసిన కళాకారుడి దగ్గరికి ఫోటోలతో వెళ్లండి. మేం వెళ్తే ఆయన ఒక్కో ఫోటో ఫోన్‌లో పెద్దది చేసి, మొహాలు కాదు, బొంగరం సరిగ్గా నిటారుగా తిరుగుతోందా లేదా అని చూశాడు.

మీ బడిలో ఒక పీరియడ్ అడిగి తీసుకుని మిగతా పిల్లలకి చెప్పండి, పిన్‌లు చేతికిచ్చి పట్టుకోనివ్వండి. మా అమ్మాయి ఆ బొంగరం పేర్ల కాగితాన్ని చార్టు మీద ఎక్కించి ల్యాబ్ గోడకి అంటించింది. పదకొండు పేర్లు ఉన్నాయి, కింద ఖాళీ గళ్లు వదిలింది. తర్వాత వెళ్లేవాళ్లు నింపాలట.